అడ్వాన్సు

మా ఆర్కెస్ట్రా ఆస్తంతా ఒక ఎర్రట్ట నోటుబుక్కు.
తారీఖు, ఊరు, పార్టీ పేరు, ఫోను నంబరు,
ఆఖరి గడిల అడ్వాన్సు.
ఆ ఏప్రిల్ పేజీ నిండుగ ఉన్నది:
పరకాలల పెండ్లి, జమ్మికుంటల పెండ్లి,
నర్సంపేటల ఎవరిదో ఇరవై ఒకటో దినం.
ఆ పైసలన్ని పెట్టి కొత్త మిక్సర్ కొన్న.

వారం తిరగలే, రైళ్లు ఆగినయి.
డీజిల్ కాలనీల పుట్టి పెరిగినోన్ని,
గూడ్సు బండ్ల కూతల నడుమనే నిద్రపోయెటోన్ని,
ఏ చప్పుడూ లేక
రాత్రి రెండింటికి లేచి కూసున్న.

మొదటి ఫోను పరకాల కొమురయ్యది.
"పెండ్లి ఇంట్లనే అయ్యింది, ఇరవై మందితోని.
నా ఐదు వేలు ఏం జేస్తవు?"
మిక్సర్ దిక్కు చూసిన.
అట్టడబ్బా ఇంకా విప్పలే.
"పైసలు లెవ్వు బాపూ. పాటలున్నయి.
పాటకు రెండు వందలు కట్టుకో."
అటు దిక్కు చానాసేపు ఎవరూ మాట్లాడలే.
ఎనుక కోడి అరిచింది, గిన్నె కింద పడ్డది.
"సరే, అన్నీ ఒక్కసారే కొట్టకు.
పాసింజర్ బండి లెక్క మెల్లగ రానియ్యి."

నాలుగిండ్లు, ఒక్క ఫోను లైను.
నా కీబోర్డు, రెడ్డిపురంల ఐలయ్య ప్యాడు,
ఫాతిమానగర్ల సిసిలియా గొంతు,
ఉర్సు కాడ యాకూబ్ క్లారినెట్టు.
దెబ్బ అర చిటికె ఆలస్యంగ వస్తున్నది.
ఇరవై ఏండ్లు భుజాలు రాసుకుంట వాయించినోళ్లం
ఒకరి కోసం ఒకరం
గేటు కాడ లారీల లెక్క ఆగుతున్నం.
సిసిలియా ఏడ్చింది, ఐలయ్య తిట్టిండు,
లైను కట్టయ్యింది.

అందుకే వంతులు పెట్టుకున్నం.
ఒక రాత్రికి ఒక్కలే.
ఐలయ్య వంతునాడు ఉత్త దరువు.
"పాటేదయ్యా?" అన్నడు జమ్మికుంటాయన.
"నువ్వే పాడుకో."
నిజంగనే పాడిండు, ఆకలిగొన్న బర్రె లెక్క.
ఆ రెండు వందలు కొట్టేసేటప్పుడు
నాకు సిగ్గయ్యింది.

బాకీ లేనోళ్లు కూడ మోపయిండ్రు.
పెద్దాసుపత్రి నర్సు వినోద
తెల్లారుగట్ల మూడింటికి చేస్తది.
"వినాయకుని కాడ మీరు వాయిస్తుంటె
స్కూటీ ఆపి వినేదాన్ని,
పాట అయిపోకముందే పోయేదాన్ని, డ్యూటీ ఉండేది.
ఒక్కటన్న ఆఖరుదాంక వినిపియ్యుండ్రి."
ఆమె పేరుకు బుక్కుల గడి లేదు.
అట్ట లోపల రాసిన.

ఏడాది తిరిగింది.
యాకూబ్‌ను అదే ఆసుపత్రిల పందొమ్మిది దినాలు పెట్టిండ్రు.
పైపు కట్ట ఊదెటోనికి
పైపుల గాలి వంపిండ్రు.
ఇంటికొచ్చినంక క్లారినెట్టును
సంకలబిడ్డ లెక్క ఒళ్లె పెట్టుకొని కూసుంటడు, ఊదడు.

కొమురయ్యకు ఇరవై నాలుగు పాటలు తీరినయి.
ఇరవై ఐదోది నేనే వాయిద్దామనుకున్న.
"ఈ వంతు నాది" అన్నడు యాకూబ్.
పెండ్లికొడుకు గుర్రమెక్కేటప్పటి పాట.
మొదటి చరణం మంచిగనే వచ్చింది.
నడుమ ఒక్క స్వరం సన్నగయ్యి, సన్నగయ్యి,
పోయింది.
ఊపిరి మాత్రం వినబడుతున్నది,
బస్సు ఎంట ఉరికొచ్చినోని ఊపిరి.

లైను పెట్టేద్దామని వేలు పెట్టిన.
అప్పుడు కొమురయ్య ఎత్తుకున్నడు.
మాటలు రావు, ఉత్త కూని.
రాగం పరకాల దాటి ఎటో భూపాలపల్లి దిక్కు పోయింది.
ఆయనెనుక బిడ్డ, ఆయన ఇంటామె,
ఇంకెవరో తెల్వదు, ఒక పసి గొంతు.
యాకూబ్ ఏమనలే.
చెక్క మీద వేళ్లు ఆడుతున్న టకటక మాత్రం
ఆఖరుదాంక విన్న.

పొద్దుగాల ఫోను మోగింది.
"లెక్క తప్పు రాసేవు. వందే కొట్టెయ్యి.
సగం పాట మీది, సగం మాది."

ఇప్పుడు మళ్ల పెండ్లిళ్లున్నయి, గుర్రాలున్నయి.
మూడు పాటలకొకసారి యాకూబ్‌కు కుర్చేస్తం.
పరకాల పేరు ఎదురుంగ
వంద రూపాయలు అట్లనే ఉన్నయి.
ఆయన అడగడు.
నేను ఇయ్యను.